ప్రతి శాంపిల్‌లోనూ 3.8 నానోమీటర్ల దగ్గరే పీక్ వస్తోంది, రంధ్రాలు నిజంగా అంతేనా?

ఊకబూడిద:

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నాను. వరి ఊక బూడిద నుంచి సిలికా తీసి, జెల్‌గా మార్చి ఆరబెడతాను. పోల్చి చూడడానికి తాటి టెంకలు కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ కూడా చేశాను. అన్నిటికీ 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ ఐసోథెర్మ్‌లు తీయించాం, అంటే ఉష్ణోగ్రత మార్చకుండా పీడనం మారుస్తూ శాంపిల్ ఎంత వాయువు పట్టుకుందో చూపే గీతలు. పీడనం పెంచేటప్పటిది అధిశోషణ గీత, తగ్గించేటప్పటిది డిసార్ప్షన్ గీత.

సమస్య ఏమిటంటే, నా దగ్గర సిలికా శాంపిళ్లు ఆరున్నాయి. ఒక్కోటి ఒక్కో పీహెచ్‌లో గడ్డకట్టించినది, ఆరబెట్టిన వేడి కూడా వేరు. బీఈటీ పద్ధతిలో లెక్కేసిన ఉపరితల వైశాల్యం గ్రాముకు 210 చదరపు మీటర్ల దగ్గర మొదలై 640 దాకా వెళ్లింది. ఇంత తేడా ఉన్న శాంపిళ్లకు, డిసార్ప్షన్ నుంచి సాఫ్ట్‌వేర్ గీసిన బీజేహెచ్ గ్రాఫ్‌లో (రంధ్రాల సైజులు చూపేది) మాత్రం 3.8 నానోమీటర్ల దగ్గర ఒకే సన్నటి పీక్ వస్తోంది. ఆరింటికీ అక్కడే. తాటి టెంక కార్బన్‌కి కూడా పొట్టిగా అక్కడే ఒకటి లేచింది.

మా గైడ్ గారికి ఇది బాగా నచ్చింది. రంధ్రాలన్నీ ఒకే సైజులో ఉన్నాయని డ్రాఫ్ట్‌లో రాయమన్నారు, రాశాను. రాసిన దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది. ఊకలోంచి వచ్చిన సిలికాకీ తాటి టెంక బొగ్గుకీ ఒకే కొలత రంధ్రాలు ఎందుకుంటాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

ద్రవనైట్రోజన్:

అమ్మా, ముందు ఒక్క విషయం చెప్పు. డిసార్ప్షన్ గీత ఏ సాపేక్ష పీడనం దగ్గర, అంటే సంతృప్త పీడనంలో ఎన్నో వంతు దగ్గర కూలుతోంది?

ఊకబూడిద:

0.5 దాకా మెల్లగా దిగుతోంది సార్. అక్కణ్నుంచి దాదాపు నిలువుగా పడిపోయి 0.42 దగ్గర అధిశోషణ గీతలో కలిసిపోతోంది. పడిపోయే భాగానికి మధ్య బిందువు 0.46. ఆరింటికీ అంతే.

ద్రవనైట్రోజన్:

అనుకున్నాను. ఈ మెషిన్ మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ 3.8 పట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అది నీ సిలికా కొలత కాదమ్మా, అది నైట్రోజన్ గుణం.

ఆ అంకె ఎలా పుట్టిందో చేత్తోనే లెక్కేద్దాం. సన్నటి రంధ్రంలో ద్రవం తలం లోపలికి వంగి ఉంటుంది. అలా వంగిన తలం మీద ఆవిరి పీడనం మామూలు కన్నా తక్కువ. ఎంత వంపుకి ఎంత తక్కువో చెప్పేది కెల్విన్ సమీకరణం. 77 కెల్విన్ దగ్గర ద్రవ నైట్రోజన్ తలతన్యత మీటరుకు 8.85 మిల్లీన్యూటన్లు, మోలార్ ఘనపరిమాణం 34.7 ఘన సెంటీమీటర్లు. వీటిని సమీకరణంలో పెడితే 0.955 నానోమీటర్లనే గుణకం వస్తుంది. దాన్ని సాపేక్ష పీడనపు సహజ లాగరిథమ్‌తో భాగించాలి. 0.46కి ఆ లాగరిథమ్, మైనస్ గుర్తు వదిలేస్తే, 0.777. భాగిస్తే 1.23 నానోమీటర్లు. ఇది ద్రవపు వంపు వ్యాసార్ధం.

రంధ్రం ఖాళీ అయ్యాక కూడా గోడకు ఒక పలుచటి పొర అంటుకునే ఉంటుంది. హాల్సీ సూత్రం ప్రకారం ఆ పీడనం దగ్గర దాని మందం 0.66. రెండూ కలిపితే వ్యాసార్ధం 1.89, వ్యాసం 3.78. ఇదిగో నీ 3.8.

సాఫ్ట్‌వేర్‌కి నీ రంధ్రాలు కనపడవు. గీత ఎక్కడ కూలిందో అది ఒక్కటే దానికి తెలుసు. 0.46 ఇస్తే ఇటుక పొడికైనా 3.8 అనే చెబుతుంది. మరి గీత ప్రతిసారీ అక్కడే ఎందుకు కూలుతోంది? దానికి కేశనాళిక గారిని పిలుస్తున్నాను, నాకన్నా బాగా చెబుతారు.

కేశనాళిక:

పిలిచినందుకు థాంక్స్ సార్.

ఊకబూడిద గారూ, ఒక కూజాని ఊహించుకోండి. పొట్ట పెద్దది, మెడ సన్నది. జెల్ ఆరేటప్పుడు సిలికా రేణువుల మధ్య మిగిలే ఖాళీలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పెద్ద కుహరం, దానికి ఇరుకు దారి.

నైట్రోజన్ పీడనం పెంచుతూ వెళ్తే మొదట అణువులు గోడకు ఒక పొరగా పేరుకుంటాయి. తర్వాత రెండు, మూడు పొరలు. పొర మందమవుతూ ఒక దశకు చేరాక ఇక నిలకడగా ఉండలేదు. కూజా పొట్టలో మిగిలిన ఆవిరి అంతా ఒక్కసారిగా ద్రవమై నిండిపోతుంది. బయట గదిలో నైట్రోజన్ ఇంకా ఆవిరిగానే ఉంది, సంతృప్త పీడనానికి చేరనే లేదు. లోపల మాత్రం ప్రావస్థ మారిపోయింది. కేశనాళిక ద్రవీకరణ అంటే ఇదే. గోడల ఆకర్షణ వల్లా ఇరుకు వల్లా, మారాల్సిన పీడనం కన్నా ముందే మార్పు జరిగిపోతుంది.

ఇప్పుడు వెనక్కి రండి. పొట్టలోని ద్రవం ఆవిరి కావాలంటే మెడలో ఉన్న తలం గుండానే కావాలి. మెడ సన్నది కాబట్టి అక్కడి వంపు ఎక్కువ, ద్రవం కదలదు. పీడనం ఎంత తగ్గిస్తే లోపలి ద్రవం మీద లాగుడు అంత పెరుగుతుంది. 0.42 దగ్గర ఆ లాగుడు ఎంతో లెక్కేస్తే 16 మెగాపాస్కల్స్ వస్తుంది. అంటే దాదాపు 160 వాతావరణ పీడనాలు, నెట్టడం కాదు, లాగడం. 77 కెల్విన్ దగ్గర ద్రవ నైట్రోజన్ అంతకుమించి ఓర్చుకోలేదు. మెడ ఇంకా మూసుకునే ఉండగా పొట్ట మధ్యలో ఒక బుడగ పుడుతుంది. అంతే, క్షణంలో కుహరం ఖాళీ. దీన్నే కావిటేషన్ అంటారు.

ఆ బుడగ ఎప్పుడు పుట్టాలో ప్రధానంగా ద్రవమూ ఉష్ణోగ్రతే తేలుస్తాయి. గోడ సిలికాయా, కార్బనా అనేది దానికి పెద్దగా పట్టదు. కుహరం మరీ చిన్నదైతే కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, మెడ సుమారు 5 నానోమీటర్ల కన్నా సన్నగా ఉన్న శాంపిళ్లన్నీ ఒకే చోట కూలతాయి. అందుకే మీ ఆరూ, తాటి టెంకా ఒకే మాట చెబుతున్నాయి.

పరీక్ష చాలా సులువు. అదే శాంపిల్‌ని 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్‌తో తీయించండి. ఆర్గాన్ లూప్, అంటే ఎక్కే గీతకీ దిగే గీతకీ మధ్య ఉండే ఎడం, 0.38 చుట్టుపక్కల మూసుకుంటుంది. రంధ్రం నిజంగా 3.8 అయితే రెండు వాయువులూ ఒకే వ్యాసం చెప్పాలి. పీక్ జారితే అది ద్రవం తెగిన గుర్తే.

ఊకబూడిద:

160 వాతావరణాలు చదివి లేచి నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఆ గీతను కేవలం గ్రాఫ్‌గానే చూశాను, లోపల ద్రవం తెగిపోతోందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆర్గాన్‌కి స్లాట్ అడుగుతాను. గైడ్ గారికి ఎలా చెప్పాలో చూడాలి.

ద్రవనైట్రోజన్:

పై లెక్కను ఒక కాగితం మీద రాసి చూపించు. అంకెలు పెట్టి చెబితే ఎవరూ కోప్పడరు. రివ్యూలో ఎవరో పట్టుకున్నాక చెప్పడం కన్నా ఇప్పుడే మేలు.

మిల్లులెక్క:

నేను కెమిస్ట్రీ వాణ్ని కాదు, రైస్ మిల్లు నడుపుతాను. లూప్, రెండు దారులు అంటుంటే ఒక సంగతి గుర్తొచ్చి రాస్తున్నాను.

నిరుడు ఒకే గోదాములో, ఒకే రకం వడ్లు రెండు లాట్లు పెట్టాం. మొదటిది పచ్చిగా వచ్చి కళ్లంలో ఆరి తేమ దిగుతూ వచ్చినది. రెండోది డ్రయ్యర్‌లో ఎక్కువసేపు ఉండిపోయి 11 శాతానికి ఎండి, తర్వాత వానాకాలపు గాలికి మళ్లీ తేమ పట్టినది. నెల తర్వాత మీటరు పెడితే మొదటిది 14.2, రెండోది 13.1. అదే గాలి, అదే గోడలు. మీటరు పాడైందని మావాళ్లు ఇంకో మీటరు తెప్పించారు. అదీ అంతే చెప్పింది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు కాబట్టి మాకు ఒక్క శాతం అంటే చిన్న విషయం కాదు. మీరు చెప్పేదీ ఇదీ ఒకటేనా?

కేశనాళిక:

చాలా మంచి ప్రశ్న అడిగారు. మీ మీటర్లు రెండూ సరిగ్గానే ఉన్నాయి. తడి నుంచి దిగి వచ్చిన గింజ, పొడి నుంచి ఎక్కి వచ్చిన గింజ కన్నా ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది. గాలిలో తేమ ఒకటే అయినా అంతే. హిస్టరిసిస్ అంటే ఇదే. గింజ ఏ దారిన వచ్చిందో దాని తేమలో రాసి ఉంటుంది.

అయితే కారణం దగ్గర ఒక తేడా ఉంది, దాన్ని కలిపేయకూడదు. సిలికా గోడ రాయిలా గట్టిది. లోపల ద్రవం ప్రావస్థ మారుతుంది, గోడ కదలదు. బియ్యపు గింజలో పిండి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుంటుంది. అక్కడ రంధ్రం అనే మాటే పూర్తిగా సరిపోదు.

ఈ తేడాని పట్టుకున్నది మన దేశంలోనే. 1941లో కె. ఎస్. రావు గారు జర్నల్ ఆఫ్ ఫిజికల్ కెమిస్ట్రీలో అధిశోషణ హిస్టరిసిస్ మీద వరుసగా పేపర్లు వేశారు. సిలికా జెల్‌లో నీటిని ఎన్నిసార్లు ఎక్కించి దించినా లూప్ చెక్కుచెదరలేదు. కొన్ని ధాన్యాలతో అదే పని చేస్తే లూప్ నిలవలేదు, మాయమైంది. ఉబ్బి కుదించుకునే పదార్థంలో కూజా మెడ కూడా సాగుతుంది కాబట్టి ద్రవం అక్కడ చిక్కుకుపోదని ఆయన వివరణ. సగం దారిలో ఆగి వెనక్కి తిరిగితే లూప్ లోపల గీత ఎలా నడుస్తుందో కూడా ఆ పేపర్లలో ఓపిగ్గా కొలిచారు. ఇవాళ మనం స్కానింగ్ కర్వ్ అనేవి అవే. ఎనభై ఏళ్లు దాటినా ఈ రంగంలో ఆ పేపర్లను ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. మన డిగ్రీ పుస్తకాల్లో మాత్రం ఆ పేరు కనపడదు, అది నాకు బాధగా ఉంటుంది.

మిల్లులెక్క:

అర్థమైంది, థాంక్స్ అండి. మాకు ఇంకో అనుభవం ఉంది. ఎండిన వడ్లకు మళ్లీ తేమ పడితే గింజకు పగుళ్లొచ్చి, మరలో నూక ఎక్కువ పడుతుంది. ఇప్పుడు మీటరు అంకెతో పాటు లాటు ఎటు నుంచి వచ్చిందో కూడా రిజిస్టర్‌లో రాయిస్తాను.

డిగ్రీపంతులు:

చదువుతున్నాను, చాలా బాగుంది. నాదొక సందేహం. తరగతిలో ప్రావస్థా పరివర్తన అంటే మంచు కరగడం, నీరు మరగడం చెబుతాం. ఒక్క ఉష్ణోగ్రత, ఒక్క పీడనం, అక్కడ ఠక్కున మార్పు. నాలుగు నానోమీటర్ల గొట్టంలో అడ్డంగా పది పన్నెండు అణువులుంటాయేమో. దాన్ని కూడా ప్రావస్థా పరివర్తన అనొచ్చా? పైగా గోడ ఎగుడుదిగుడుగా ఉంటే?

ద్రవనైట్రోజన్:

నా దృష్టిలో అనొచ్చు మాస్టారూ. ఎంసీఎం-41 తీసుకోండి. 1992లో మొబిల్ కంపెనీ పరిశోధకులు ప్రకటించిన సిలికా అది. తేనెపట్టులా వరుసగా ఒకే సైజు గొట్టాలు. దాని మీద నైట్రోజన్ ఐసోథెర్మ్ తీస్తే మెట్టు ఎంత నిటారుగా వస్తుందో నా కళ్లతో చూశాను. నాలుగు నానోమీటర్ల గొట్టమైతే 77 కెల్విన్ దగ్గర లూప్ కూడా ఉండదు, ఎక్కిన దారినే దిగుతుంది. అంత శుభ్రమైన మార్పుని ఇంకేమని పిలుస్తాం?

కేశనాళిక:

ఇక్కడ సార్‌తో కొంచెం విభేదిస్తాను. ఒక్క గొట్టాన్నే చూస్తే అది దాదాపు ఒకే దిశలో సాగే వ్యవస్థ. అలాంటి చోట కచ్చితమైన అర్థంలో ప్రావస్థా పరివర్తన ఉండదు. సిద్ధాంతం ప్రకారం పొడవాటి గొట్టంలో కొంత దూరం ద్రవం, కొంత దూరం ఆవిరి ముక్కలు ముక్కలుగా ఉండొచ్చు. మనకు నిటారు మెట్టుగా కనిపించేది, ఆ ముక్కల మధ్య సరిహద్దు కట్టడానికి శక్తి బాగా ఖర్చవుతుంది కాబట్టి. అది మొద్దుబారిన మార్పే, కానీ మొద్దుతనం మన మెషిన్‌కి అందనంత చిన్నది.

ఎగుడుదిగుడు గోడ సంగతి చెప్పాలంటే ముందు చదునైన తలం మీద ఏం జరుగుతుందో చెప్పాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కొంచెం పెద్దగా రాస్తాను.

1960ల చివర్లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో తోమీ, దువాల్ అనే ఇద్దరు గ్రాఫైట్‌ని పొరలు విడదీసి ఉబ్బించి, దాని మీద క్రిప్టాన్, జీనాన్ లాంటి వాయువులను అధిశోషింపజేశారు. గ్రాఫైట్ ముఖం అణువుల స్థాయిలో చాలా చదును. ఐసోథెర్మ్ మెట్ల వరుసలా వచ్చింది. ఒక పొర నిండాక ఒక మెట్టు, రెండో పొరకు ఇంకో మెట్టు. మొదటి పొర మెట్టునే దగ్గరగా చూస్తే అందులోనూ చిన్న మెట్లున్నాయి. ఒక్క అణువు మందం ఉన్న ఆ పొరలోనే ముందు వాయువు, తర్వాత ద్రవం, తర్వాత ఘనం. మూడు కొలతల్లో ఉన్న కథంతా రెండు కొలతల్లో మళ్లీ జరిగింది. జీనాన్‌కి మామూలుగా సందిగ్ధ ఉష్ణోగ్రత (అది దాటితే ఎంత నొక్కినా వాయువు ద్రవం కాదు) 290 కెల్విన్ దగ్గర. గ్రాఫైట్ మీద ఒక్క పొరలో అది 117 దగ్గర. దాదాపు 0.4 వంతు. పక్కనున్న పొరుగు అణువులు తగ్గితే ఒకదాన్నొకటి పట్టుకునే బలమూ తగ్గుతుంది మరి.

క్రిప్టాన్ అయితే ఇంకో అడుగు వేస్తుంది. గ్రాఫైట్ షడ్భుజుల్లో ప్రతి మూడింటిలో ఒకదాని మీద కూర్చుని, కింది అల్లికకు సరిపోయే కొత్త అల్లిక కడుతుంది.

ఇప్పుడు ఎగుడుదిగుడు. 1953లో పాలీ, షేఫర్, స్మిత్ కార్బన్ బ్లాక్‌ని 2,700 డిగ్రీల దాకా రకరకాల వేడి దగ్గర కాల్చి ఆర్గాన్ ఐసోథెర్మ్‌లు తీశారు. కాల్చని పొడికి గీత నున్నటి వాలు. వేడి పెరిగేకొద్దీ ఆ వాలులో మెట్లు తేలుతూ వచ్చాయి. వాయువు అదే, కార్బన్ అదే. వేడికి ముఖాలు చదునయ్యాయి, అంతే. కాల్చని పొడి ఉపరితలం మీద ప్రతి చిన్న చోటికీ తన సొంత ఆకర్షణ బలం ఉంటుంది. గుంటలో బలం ఎక్కువ, మొన మీద తక్కువ. గుంట తక్కువ పీడనానికే నిండుతుంది, మొన చివరిదాకా ఆగుతుంది. వేల చోట్ల వేల చిన్న మెట్లు, ఒక్కోటి ఒక్కో పీడనం దగ్గర. అన్నీ కూడితే మనకు కనిపించేది వాలు. కాబట్టి ఆ వాలులో ప్రావస్థా మార్పులు లేవనుకోవద్దు, అవి ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. ఆ వాలు ఆకారాన్ని వెనక్కి విప్పితే గరుకుతనం ఎంతో తెలుస్తుంది. ఊకబూడిద గారి సాఫ్ట్‌వేర్ చేయబోయే పని కూడా ఇదే, తప్పు గీత ఇచ్చారు కాబట్టి తప్పు జవాబు ఇచ్చింది.

మాస్టారు అడిగిన రెండో సగం ఇంకా లోతైనది. చదునైన చోట్లు ఒక్కోటి పెద్దగా, వేల అణువులు పట్టేలా ఉంటే పైన చెప్పినట్టు ప్రతి మెట్టూ దేనికది పదునుగా ఉంటుంది. ఒక్కో చోట పది ఇరవై అణువులే పడితే మెట్టు దానికదే మసకబారుతుంది. అంచుల వాటా ఎక్కువైపోతుంది. ఇమ్రీ, మా అనే ఇద్దరు 1975లో చెప్పినదాని ప్రకారం, రెండు కొలతల్లో ఇలాంటి యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు ఎంత బలహీనంగా ఉన్నా పెద్ద దూరాల దాకా సాగే క్రమాన్ని ముక్కలు చేసేస్తాయి. మూడు కొలతల్లో అలా కాదు, హెచ్చుతగ్గులు మితంగా ఉంటే మార్పు బతుకుతుంది. రంధ్రాల్లో చిక్కుకున్న ద్రవాలకు ఈ ఆలోచనను వర్తింపజేసినవారు డి జెన్ అనే భౌతిక శాస్త్రవేత్త. తర్వాత 1990లో వాంగ్, చాన్ 95 శాతం ఖాళీగా ఉండే సిలికా ఏరోజెల్‌లో హీలియం నింపి చూశారు. ద్రవానికీ ఆవిరికీ మధ్య మార్పు అక్కడ మిగిలే ఉంది. కానీ రెండూ కలిసి ఉండే మేర బాగా ఇరుకైపోయింది. ఘనపదార్థం 5 శాతమే ఉన్నా అంత ప్రభావం.

డిగ్రీపంతులు:

ఇది రేపు క్లాసులో చెబుతాను. వాలంటే మెట్ల కూడిక అన్న మాట పిల్లలకు బోర్డు మీద గీసి చూపించొచ్చు. ఖరీదైన మెషిన్ లేకుండా రెండు దారుల సంగతి చూపించే ప్రయోగం ఏదైనా ఉందా?

ద్రవనైట్రోజన్:

ఉంది మాస్టారూ. వడ్రంగి దగ్గర చిత్రిక పొట్టు తెప్పించండి. ఒకే దుంగది అయితే మంచిది. పది పది గ్రాములు రెండు గుడ్డ మూటలు కట్టండి. ఒకదాన్ని 100 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఎండబెట్టండి. రెండోదాన్ని నీళ్లున్న మూత డబ్బాలో, నీళ్లు తగలకుండా, రెండు రోజులు వేలాడదీయండి. తర్వాత రెండింటినీ ఒకే పెద్ద డబ్బాలో పెట్టి, అడుగున గిన్నెలో కరగని ఉప్పు మిగిలేంత చిక్కటి ఉప్పునీళ్లు ఉంచండి. ఆ గాలి తేమ 75 శాతం దగ్గర కదలకుండా నిలబడుతుంది.

నగల షాపుల్లో వాడే 0.01 గ్రాము త్రాసు ఇప్పుడు చవకగానే దొరుకుతుంది. బరువు మారడం ఆగేదాకా రోజూ తూచండి. తర్వాత రెండింటినీ ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి, ఎండు బరువుకి ఎంత నీరుందో లెక్కేయించండి. తడి వైపు నుంచి వచ్చిన మూటలో ఎక్కువ నీరుంటుంది. బూజు పట్టకుండా చూసుకోండి, పది రోజులు మించనివ్వకండి.

ఒక అదనపు సంగతి. ఆ గిన్నె పక్కనే నాలుగు పొడి ఉప్పు రాళ్లు కూడా పెట్టి, ఆపై గిన్నెలో ఉప్పునీళ్లు తీసేసి మంచినీళ్లు పోసి చూడమనండి. 75 దాటగానే ఉప్పురాళ్లు చెమ్మగిల్లి కరిగిపోతాయి. పొట్టు మాత్రం మెల్లమెల్లగా తేమ పడుతుంది. పదునైన మార్పు, పరుచుకున్న మార్పు ఒకే డబ్బాలో పక్కపక్కన కనపడతాయి.

రేగడినేల:

సివిల్ ఇంజనీర్‌ని. నల్లరేగడి మీద పునాదులు వేయడం నా పని. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు, వానకు అదే నేల ఉబ్బి గోడల్ని పగలగొట్టడం. మా పుస్తకాల్లో మాంట్‌మోరిలొనైట్ పొరల మధ్య నీరు చేరడం వల్ల అని ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తారు. మీరు చెప్పే మెట్లు అక్కడ కూడా ఉంటాయా?

కేశనాళిక:

ఉంటాయండీ, చాలా స్పష్టంగా ఉంటాయి. శుద్ధి చేసిన మట్టిని ఎక్స్‌రేతో చూస్తే పొరకీ పొరకీ మధ్య దూరం ఇష్టమొచ్చినట్టు పెరగదు. పొడిగా ఉన్నప్పుడు సుమారు 1 నానోమీటరు, ఒక వరుస నీటి అణువులు చేరితే 1.25, రెండు వరుసలకు 1.5, మూడుకు 1.8 నుంచి 1.9. మధ్యలో నిలవడం దానికి ఇష్టం ఉండదు. ఒక్కో వరుస చేరడం ఒక్కో ప్రావస్థా మార్పు లాంటిదే, పైగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేర్వేరు తేమల దగ్గర జరుగుతుంది. ఇక్కడ గోడ కూడా కదులుతుంది కాబట్టి మీ పునాది కూడా కదులుతుంది.

పొలంలో తీసిన మట్టికి మెట్లు ఎందుకు కనపడవంటే, పొరల మధ్య సోడియం ఉన్న చోట ఒక తీరు, కాల్షియం ఉన్న చోట ఇంకో తీరు, పొరల మీద ఆవేశం కూడా చోటుచోటుకీ మారుతుంది. మళ్లీ అదే సంగతి, వేల మెట్లు కలిసి వాలైపోతాయి.

రేగడినేల:

నేలకు సున్నం కలిపితే ఉబ్బు తగ్గడం రోజూ చూస్తాం. సోడియం స్థానంలో కాల్షియం చేరడం అందులో ఒక భాగం అని ఇప్పుడు దీనికి ముడిపెట్టుకోగలిగాను. ధన్యవాదాలు.

మిల్లులెక్క:

ఒక్క చిన్న ప్రశ్న. అంత సన్నటి రంధ్రాల్లో నీళ్లు గడ్డకడతాయా?

కేశనాళిక:

కడతాయి, కానీ చాలా ఆలస్యంగా. ఎంసీఎం-41, ఎస్‌బీఏ-15 సిలికాల్లో 2001లో ఫిండెనెగ్ బృందం కొలిచింది. రంధ్రపు వ్యాసార్ధంలోంచి 0.38 నానోమీటర్లు తీసేసి, 52ని దాంతో భాగిస్తే ద్రవీభవన స్థానం ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో వస్తుంది. 5 నానోమీటర్ల వ్యాసార్ధానికి 11 డిగ్రీలు. 2 నానోమీటర్లకు 32 డిగ్రీలు, అంటే అందులోని మంచు మైనస్ 32 దగ్గరే కరిగిపోతుంది. ఆ తీసేసిన 0.38 ఏమిటంటే, గోడను అంటిపెట్టుకుని అసలు గడ్డకట్టని నీటి పొర.

ఊకబూడిద:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఆర్గాన్ స్లాట్ ఆలస్యంగా దొరికింది.

రెండు శాంపిళ్లు తీయించాను. పీహెచ్ 4 జెల్‌కి నైట్రోజన్‌తో 3.8 దగ్గర ఉన్న డిసార్ప్షన్ పీక్, ఆర్గాన్‌తో 3.3కి జారింది. లూప్ 0.38 దగ్గర మూసుకుంది. పీహెచ్ 9 జెల్ కూడా అచ్చం అంతే. రంధ్రమైతే జారకూడదు కదా. జారింది.

తర్వాత నైట్రోజన్ డేటాలోనే అధిశోషణ గీతను తీసుకుని డీఎఫ్‌టీ అనే ఇంకో లెక్క పద్ధతితో మళ్లీ లెక్క కట్టించాను. ఇప్పుడు ఆరూ ఆరు రకాలుగా విడిపోయాయి. పీహెచ్ 4లో గడ్డకట్టినదానికి కుహరాలు 5 నుంచి 7 నానోమీటర్లు, పీహెచ్ 9 దానికి 8 నుంచి 14 దాకా పరుచుకుని ఉన్నాయి. సన్నటి పీక్ ఎక్కడా లేదు. తాటి టెంక కార్బన్‌లో 3.8 దగ్గర ఉన్న ఆ పొట్టి పీక్ అధిశోషణ వైపు అసలు కనపడనే లేదు. దాని రంధ్రాలు చాలావరకు 2 నానోమీటర్ల లోపే.

గైడ్ గారికి లెక్క రాసిన కాగితం, రెండు వాయువుల గ్రాఫ్‌లు కలిపి చూపించాను. ఒక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 0.46, 1.23, 0.66 అంకెల్ని ఆయనే పెన్నుతో మళ్లీ వేసుకుని చూశారు. ఏకరీతి అన్న మాటను డ్రాఫ్ట్‌లోంచి ఆయనే కొట్టేశారు. కుహరాలు పీహెచ్‌తో ఎలా పెరుగుతున్నాయన్నదే ఇప్పుడు పేపర్ విషయం. నిజం చెప్పాలంటే ఇదే మొదటిదాని కన్నా మంచి పేపర్.

ద్రవనైట్రోజన్:

శభాష్ అమ్మా. ఇంకొక్కటి చెయ్యి. పీడనాన్ని 0.99 దాకా తీసుకెళ్లకుండా 0.8 దగ్గర ఆపి వెనక్కి తిప్పించు. అప్పటికి చిన్న కుహరాలే నిండి ఉంటాయి. అవి కూడా అదే చోట కూలితే, మెడలు అంతటా సన్నగానే ఉన్నాయని తెలుస్తుంది. కూలే చోటు మారితే కొన్నిటికి మెడ వెడల్పు ఉన్నట్టు.

కేశనాళిక:

సార్ చెప్పినదానికి ఒక చేర్పు. 0.7 దగ్గర కూడా ఒకసారి ఆపండి. రెండు స్కానింగ్ గీతలుంటే పోల్చడానికి వీలుంటుంది. పాయింట్‌కి పాయింట్‌కి మధ్య సమతాస్థితికి ఎక్కువ టైమ్ ఇవ్వమని ఆపరేటర్‌తో చెప్పండి, కూలే చోట తొందరపడితే గీత పక్కకి వాలుతుంది.

ఊకబూడిద:

రెండూ చేయిస్తాను. పీహెచ్ 9 శాంపిల్ 0.2 గ్రాములు తూచి పెట్టాను. ఈ రాత్రి 150 డిగ్రీల దగ్గర డీగ్యాస్‌కి (లోపల పట్టిన తేమ, వాయువులు పోగొట్టడానికి) పెడుతున్నాం, రేపు పొద్దున తొమ్మిదికి మెషిన్ మీదకి వెళ్తుంది. గ్రాఫ్ రాగానే ఇక్కడే పెడతాను.